ఇంజినీరింగ్, క్రైస్తవ వేదాంతం, భూజల శాస్త్రం, ఫోరెన్సిక్ అకౌంటింగ్: ఉమ్మడి పరిశోధనపై తరచుగా అడిగే ప్రశ్నలు

పొంతన లేని ఈ నాలుగు శాస్త్రాలను ఒకే చోట ఎందుకు చేర్చారు?

పైకి పొంతన లేదన్న మాట నిజమే. వంతెన లెక్కలు వేసేవారికీ, సువార్తల రాతప్రతులు పోల్చేవారికీ, బోరులో నీటిమట్టం కొలిచేవారికీ, మోసాలు వెదుకుతూ కంపెనీ లెడ్జర్లు తిరగేసే ఫోరెన్సిక్ అకౌంటెంట్లకూ చదువు వేరు, పనిముట్లు వేరు. ఒకరి పత్రికలు మరొకరు చదివే అలవాటు కూడా లేదు. అయితే ఈ నలుగురూ తమ కంటికి కనిపించని దాని గురించి తీర్పు చెప్పవలసినవారే. లోహంలో లోలోపల పాకుతున్న పగులు ఇంజినీరుకు కనిపించదు. పౌలు రాయించిన పత్రికల (లేఖల) మూలప్రతి ఒక్కటి కూడా నేడు మిగలలేదు. నేల కింది జలస్తరాన్ని విప్పి చూడడం ఎవరి తరమూ కాదు. దారి మళ్లిన డబ్బు సరేసరి, దాన్ని కనబడకుండా చేయడానికే ఒక మనిషి కష్టపడి ఉంటాడు. దొరికిన ఆనవాళ్లను బట్టి కనిపించని దాని గురించి ఎంతవరకు చెప్పవచ్చు, ఎక్కడ ఆగిపోవాలి అన్నదే నాలుగు చోట్లా అసలు పని. కింది సమాధానాలన్నీ ఆ సంగతి చుట్టూనే తిరుగుతాయి.

పైగా చరిత్రలో ఈ విద్యలు మనం అనుకున్నంత ఎడంగా ఏమీ లేవు. జంట పద్దు విధానాన్ని (ప్రతి లావాదేవీని డెబిట్, క్రెడిట్ రెండు వైపులా రాయడాన్ని) వివరిస్తూ 1494లో వెనిస్‌లో అచ్చయిన పుస్తకాన్ని రాసిన లూకా పచోలీ ఫ్రాన్సిస్కన్ సన్యాసి. నేడు భూజల నమూనాల్లోనూ మోసాల గుర్తింపులోనూ విరివిగా వాడే సంభావ్యతా సూత్రానికి పేరిచ్చిన థామస్ బేయిస్ ప్రెస్బిటేరియన్ బోధకుడు.

నాలుగింటిలోనూ ‘సాక్ష్యం’ అంటే ఒకటేనా?

కాదు. ఉమ్మడి పరిశోధనలో తలెత్తే గొడవల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

ఇంజినీరు తనకు అనుమానం వస్తే పరీక్షను మళ్లీ చేయగలడు. 1954లో రెండు కామెట్ విమానాలు గాలిలోనే విచ్ఛిన్నమైనప్పుడు, బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో ఒక విమానాన్ని పెద్ద నీటి తొట్టిలో అమర్చి, దాని లోపలి పీడనాన్ని పదేపదే పెంచుతూ తగ్గిస్తూ, ఏళ్ల తరబడి ప్రయాణాలలో పడే అలసటను కొద్ది కాలంలోనే దానిచేత అనుభవింపజేశారు. చివరికి విమాన దేహం ఒక కిటికీ మూల దగ్గర మొదలై చీలిపోయింది. భూజల శాస్త్రవేత్తకు ఇందులో సగం వెసులుబాటే ఉంటుంది. నీటిని తోడి ప్రతిస్పందన చూడగలడు గాని, జలస్తరాన్ని ప్రయోగశాలకు తెచ్చుకోలేడు. వేదాంత పండితుడు చదివే సంఘటన ఒక్కసారే జరిగింది, మళ్లీ జరగదు. అతనికి మిగిలింది పాఠం, దాన్ని చేతులు మార్చిన సంప్రదాయం, రెండింటినీ తూచే తర్కం.

ఫోరెన్సిక్ అకౌంటెంట్ పరిస్థితి మరీ విచిత్రమైనది. రాయి అబద్ధమాడదు, నీరు మనల్ని మోసగించాలని చూడదు. అతని ముందున్న ఓచరు మాత్రం, ఎప్పుడో ఒకనాడు అతని వంటివాడు వచ్చి పరిశీలిస్తాడని ముందే ఊహించి తయారుచేసినది కావచ్చు. అందువల్ల ప్రకృతి శాస్త్రాల్లో నేర్చుకున్న గణాంక పద్ధతిని ఉన్నదున్నట్టుగా ఖాతాల మీద ప్రయోగించేవారు ముందుగా ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి. మన పద్ధతి ఏమిటో అవతలివాడికి తెలిస్తే, దానికి తగ్గట్టు అంకెలు మార్చుకోగలడు.

భూజల శాస్త్రంలో ఇన్ని కొలతలు, సమీకరణాలు ఉన్నాయి కదా, అనిశ్చితి ఎందుకు?

సమీకరణాల లోపం కాదది. ఇసుక నిండిన గొట్టాల గుండా నీటిని పంపి, ప్రవాహం నీటిమట్టాల తేడాకు అనులోమంగానూ ఇసుక పొర పొడవుకు విలోమంగానూ ఉంటుందని ఫ్రాన్సులోని దిజోన్ నగరపు ఇంజినీరు హెన్రీ డార్సీ 1856లో ప్రకటించిన సూత్రం నేటికీ చెక్కుచెదరలేదు. తోడుతున్న బావి చుట్టూ నీటిమట్టం కాలంతోపాటు ఎలా పడిపోతుందో చెప్పే సూత్రాన్ని 1935లో చార్లెస్ థైస్ ఉష్ణ ప్రసరణ గణితం నుంచి తెచ్చుకున్నాడు. ఒక శాస్త్రం మరో శాస్త్రం దగ్గర అప్పు తెచ్చుకుని బాగుపడిన సందర్భాలలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

చిక్కంతా ఆ సూత్రాల్లోకి వెళ్లే అంకెలతోనే. ఒకే రకం ఉక్కు నుంచి కోసిన రెండు ముక్కల బలంలో తేడా స్వల్పం; అందుకే ఇంజినీరు ఒక భద్రతా గుణకం పెట్టుకుని ధైర్యంగా ముందుకు సాగగలడు. గులకరాళ్ల పొరకూ పగుళ్లు లేని గట్టి రాతికీ మధ్య జలవాహకతలో (నీటిని పోనిచ్చే శక్తిలో) తేడా వెయ్యి కోట్ల రెట్లకు మించి ఉంటుంది. ఒకే జలస్తరంలో కూడా కొద్ది దూరంలోనే అది పదింతలు, వందింతలు మారవచ్చు.

ఒక పంపింగ్ పరీక్షను దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. పంపు ఆన్ చేసిన తొలి నిమిషాల్లో పరిశీలక బావి దగ్గర క్షణం తీరిక ఉండదు, నిమిషానికి రెండుమూడు కొలతలు తీయాలి; తర్వాత గంటకొకటి చాలు. కాలాన్ని లాగరిథమ్ కొలమానంలో పెట్టి మట్టం పడిపోయిన తీరును గీస్తే, కొంతసేపటికి చుక్కలన్నీ ఒక సరళరేఖ మీదికి వస్తాయి. దాని వాలు నుంచి జలస్తరం నీటిని పంపగల శక్తిని లెక్కిస్తారు. ఆ తర్వాత ఒక దశలో ఆ రేఖ చదునైపోయిందనుకుందాం. పంపు ప్రభావం దగ్గరలోని నదిని తాకి అక్కడి నుంచి నీరు వస్తూ ఉండవచ్చు. పైనున్న బంకమట్టి పొర గుండా నీరు కిందికి ఊరుతూ ఉండవచ్చు. గీత మాత్రం దాదాపు ఒకేలా ఉంటుంది. ఒకే ఆనవాలుకు రెండు కథలు సరిపోతున్నప్పుడు, మూడో ఆధారం కోసం బావి దగ్గర నుంచి లేచి వెళ్లక తప్పదు.

కంప్యూటర్ నమూనాల్లోనూ ఇదే తంతు. స్థిరస్థితిలో (మట్టాలు కాలంతో మారకుండా) ఉన్న ఒక ప్రాంతపు నమూనాను కేవలం నీటిమట్టాలతోనే సరిచూసుకుంటే, నేలలోకి ఇంకే నీటినీ జలవాహకతనూ రెండింటినీ రెట్టింపు చేసినా లెక్కలో వచ్చే మట్టాలు మారవు. వాగులోకి ఊరే ప్రవాహాన్నో నీటి వయసునో (నేలలోకి ఇంకి ఎంత కాలమైందో) విడిగా కొలిస్తే తప్ప ఆ ముడి వీడదు. భూజల నమూనాలను ‘నిర్ధారించడం’ అసలు సాధ్యం కాదని, తప్పని తేలేవరకు వాడుకోవడమే చేయగలమని లెనార్డ్ కోనికో, జాన్ బ్రెడెహోఫ్ట్ 1992లో వాదించింది ఇటువంటి కారణాల వల్లనే.

నీటి బడ్జెట్ అంటారు కదా, ఖాతా పుస్తకంతో ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుంది?

చాలా దూరం నిలుస్తుంది, తర్వాత ఒక్కసారిగా తెగిపోతుంది. వచ్చిన నీరు, పోయిన నీరు, నిల్వలో మార్పు. జమ, ఖర్చు, నిల్వ. ఇంతవరకు పేచీ లేదు. అయితే నీటి లెక్కలో ప్రతి అంకె వెనుకా కొలత దోషం ఉంటుంది. వర్షాన్ని, ప్రవాహాన్ని, ఆవిరిని అంచనా వేసి, ‘మిగిలినదే భూమిలోకి ఇంకింది’ అని రాసేస్తే, మిగతా అంకెలలోని తప్పులన్నీ వచ్చి ఆ మిగులులోనే చేరతాయి. అకౌంటెంట్ల భాషలో చెప్పాలంటే అది సస్పెన్స్ ఖాతా, అంటే ఎక్కడ రాయాలో తేలని మొత్తాలను తాత్కాలికంగా ఉంచే ఖాతా. దాన్ని చూపించి ‘ఇదిగో మా రీఛార్జ్’ అనడం, సస్పెన్స్ ఖాతాలోని మొత్తాన్ని లాభంగా ప్రకటించడం వంటిది.

ఇక రెండు శాస్త్రాలవారూ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ట్రయల్ బ్యాలెన్స్ (డెబిట్, క్రెడిట్ మొత్తాలను సరిచూసే పట్టిక) సరిపోయినంత మాత్రాన ఖాతాలు నిజమని కాదు. 2002లో బయటపడిన అమెరికా టెలిఫోన్ సంస్థ వరల్డ్‌కామ్ వ్యవహారంలో, ఇతర టెలిఫోన్ సంస్థల లైన్లు వాడుకున్నందుకు చెల్లించిన రోజువారీ ఖర్చును ఆస్తిగా రాశారు. మొదట వెల్లడైన మొత్తమే 3.8 బిలియన్ డాలర్లు. డెబిట్, క్రెడిట్ రెండూ చక్కగా సమానమయ్యాయి. తప్పు ఉన్నది వర్గీకరణలో. అలాగే భూజల నమూనా చివర కంప్యూటర్ ‘ద్రవ్య సమతుల్యతలో (నీటి జమాఖర్చులో) దోషం 0.01 శాతం’ అని చూపిస్తే, లెక్క సరిగ్గా జరిగిందని మాత్రమే దాని అర్థం. నేల కింద జరుగుతున్నది అదేనని కాదు. నమూనాలు సమర్పించే నివేదికలలో ఈ రెండు అర్థాలూ తరచుగా తారుమారై కనిపిస్తాయి.

బయటి సాక్షి దొరికితే మంచిదే. 2002లో ప్రయోగించిన గ్రేస్ జంట ఉపగ్రహాలు తమ మధ్య దూరంలోని సూక్ష్మమైన మార్పులను కొలిచి, భూమి గురుత్వంలో తేడాల ద్వారా నీటి నిల్వల హెచ్చుతగ్గులను పట్టుకున్నాయి. ఆ చూపు వందల కిలోమీటర్ల మేర సగటు చూపు. ఒక బ్యాంకు మొత్తం డిపాజిట్లు తగ్గాయని దానితో తెలుసుకోవచ్చు, ఏ ఖాతాలో తగ్గాయో మాత్రం తెలియదు.

వేదాంతశాస్త్రాన్ని నిజంగా ‘పరిశోధన’ అనవచ్చా?

ఈ ప్రశ్నను మిగతా మూడు శాస్త్రాలవారే ఎక్కువగా అడుగుతారు, ఒక్కోసారి కాస్త వెక్కిరింపుగానే. పదకొండో శతాబ్దపు ఆన్సెల్మ్ వేదాంతాన్ని ‘అవగాహనను వెదికే విశ్వాసం’ అన్నాడు. ఆ మాటలో రెండు భాగాలున్నాయి: విశ్వాసం పరిశోధన ఫలితంగా పుట్టినది కాదు, అవగాహన మాత్రం వెదికి సంపాదించుకోవలసినదే. ఆ వెదుకులాటలో ఎక్కువ భాగం చరిత్రకారుడూ భాషావేత్తా ఒప్పుకునే పద్ధతుల్లోనే జరుగుతుంది.

మార్కు సువార్త ముగింపునే తీసుకుందాం. నాలుగో శతాబ్దానికి చెందిన సినాయ్ ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ ఆ సువార్త 16వ అధ్యాయం 8వ వచనంతో, స్త్రీలు భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదన్న మాటతో ఆగిపోతుంది. తర్వాతి కాలపు ప్రతుల్లో అత్యధికం 20వ వచనం దాకా సాగుతాయి. ప్రతుల సంఖ్యను బట్టి తీర్పు చెప్పకూడదు. ఒకే తప్పు ప్రతి నుంచి వంద ప్రతులు పుట్టవచ్చు. ఎక్కువ ప్రాచీనమైనది ఏది, ఎవరికి దేన్ని మార్చవలసిన అవసరం కలిగింది అని అడగాలి. అర్ధాంతరంగా ఆగిన కథకు ముగింపు చేర్చాలన్న ఆలోచన లేఖకుడికి రావడం సహజం. చక్కని ముగింపును కోసేయాలన్న ఆలోచన రావడం అసహజం. చదవడానికి ఇబ్బంది పెట్టే పాఠమే అసలుకు దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువన్న సూత్రం ఇలా వచ్చింది. భాష, శైలి కూడా 9వ వచనం దగ్గర మారడంతో పండితులలో అత్యధికులు చివరి 12 వచనాలను తర్వాత చేరినవిగానే ఎంచుతారు.

ఇక్కడ ఒక హద్దు ఉంది. మొదట ఏమి రాశారన్నది ఈ పద్ధతి చెప్పగలదు. రాసినది సత్యమా, ఆ ముగింపును సంఘం లేఖనంగా చదవాలా వద్దా అన్నవి ఈ పద్ధతి పరిధిలోకి రావు. వాటికి వేదాంతం లోపలే వేరే వాదనలు ఉన్నాయి. ఇంజినీరింగ్ పత్రాన్ని సమీక్షించినట్టు ‘మీ దత్తాంశాలు ఎక్కడ?’ అని సిద్ధాంత వేదాంతపు వ్యాసాన్ని అడగడం ఎంత పొరపాటో, రాతప్రతుల గురించిన వాదనకు దత్తాంశాలు అడగకపోవడమూ అంతే పొరపాటు.

మాటల పట్ల జాగ్రత్తలో మాత్రం మిగతా ముగ్గురూ వేదాంతుల దగ్గర నేర్చుకోవలసింది ఉంది. క్రీ.శ. 325లో క్రైస్తవ సంఘ పెద్దల నికయ సభ కుమారుడు (క్రీస్తు) తండ్రితో (దేవునితో) ‘ఏకత్వం గలవాడు’ అని చెప్పడానికి వాడిన గ్రీకు మాటకూ, తర్వాత కొందరు ప్రతిపాదించిన ‘సారూప్యం గలవాడు’ అన్న మాటకూ మధ్య తేడా ఒకే ఒక్క అక్షరం, అయోటా. ఒక్క అక్షరం కోసం అంత తగవా అని నవ్వుకునేవారు, ఒక ఒప్పందంలో ‘లేదా’ ఉండవలసిన చోట ‘మరియు’ పడితే ఏమవుతుందో ఏ ఆడిటర్‌నైనా అడగవచ్చు.

నకిలీ పత్రాన్ని పట్టుకోవడంలో వేదాంత పండితుడి పద్ధతి, ఫోరెన్సిక్ అకౌంటెంట్ పద్ధతి ఒకటేనా?

ఆశ్చర్యపోయేంత దగ్గర. ఫోరెన్సిక్ అకౌంటింగ్ అన్న పేరు పుట్టకముందే ఆ పనిని ఒక భాషాపండితుడు చేసి చూపించాడు. నాలుగో శతాబ్దపు చక్రవర్తి కాన్‌స్టంటైన్ పశ్చిమ సామ్రాజ్యంపై అధికారాన్ని పోపుకు ధారాదత్తం చేసినట్టు చెప్పే దానపత్రాన్ని లొరెంజో వల్లా 1440లో పరిశీలించాడు. అందులో రోమన్ అధికారులను ‘సత్రపులు’ (పర్షియా రాష్ట్రాల పాలకుల బిరుదు) అని పిలిచారు. ఆ కాలపు రోమ్‌లో ఆ మాట వాడుకలో లేదు. ఆ తేదీకి ఇంకా వెలయని కాన్‌స్టాంటినోపుల్ ప్రస్తావన కూడా అందులో ఉంది. బిల్లు మీద వేసిన తేదీ నాటికి ఇంకా అమల్లోకే రాని పన్ను నమోదు సంఖ్య కనబడితే ఆడిటర్ ఏమనుకుంటాడో, వల్లా అదే అనుకున్నాడు.

మరో ఉపాయం ఉమ్మడి తప్పులు. రెండు ప్రతుల్లో సరైన పాఠం ఒకేలా ఉండడం ఏమీ చెప్పదు. ఒకే విచిత్రమైన తప్పు రెండింటిలోనూ ఉంటే ఒకటి రెండోదాని నుంచో, రెండూ ఒకే మాతృక నుంచో పుట్టాయి. వేర్వేరు సరఫరాదారుల పేరుతో వచ్చిన బిల్లులలో ఒకే అక్షరదోషం, ఒకే చోట అదనపు ఖాళీ కనబడినప్పుడు ఫోరెన్సిక్ అకౌంటెంట్ చేసే నిర్ణయం సరిగ్గా ఇదే. 2012లో హార్వర్డ్ ఆచార్యురాలు ఒకరు వెల్లడించిన ఒక కోప్టిక్ పపైరస్ ముక్కలో యేసు ‘నా భార్య’ అన్నట్టు ఉంది. పపైరస్ నిజంగానే పాతది, సిరా పరీక్షలోనూ తేడా కనిపించలేదు. అయితే ఇంటర్నెట్‌లో పెట్టిన తోమా సువార్త పాఠంలోని ఒక అచ్చుతప్పు యథాతథంగా ఆ ముక్కలోనూ ఉందని పండితులు చూపించారు. ఆ ముక్క ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఒక పాత్రికేయుడు తవ్వి తీయడంతో 2016లో కథ ముగిసింది. పత్రం వయసు కన్నా దాని పుట్టుపూర్వోత్తరాలు ముఖ్యమన్నమాట.

2003 చివర కుప్పకూలిన ఇటలీ సంస్థ పార్మలాట్‌లో జరిగిందీ అటువంటిదే. కేమన్ దీవుల్లోని ఒక అనుబంధ సంస్థ పేరిట బ్యాంక్ ఆఫ్ అమెరికాలో 3.95 బిలియన్ యూరోలు ఉన్నాయని చెప్పే లేఖ కాగితం మీద నిక్షేపంగానే ఉంది. అలాంటి ఖాతా ఏదీ లేదని బ్యాంకే చెప్పింది. ధ్రువీకరణ లేఖ పరిశీలనలో ఉన్న సంస్థ చేతుల మీదుగా రాకూడదని, నేరుగా మూడో పక్షం నుంచి అందాలని ఆడిటింగ్ పాఠాల్లో నొక్కి చెప్పేది ఇందుకే.

కార్బన్ డేటింగ్ ఏ శాస్త్రంలో వాడినా ఒకేలా పనిచేస్తుందా?

పరికరం ఒకటే, ప్రశ్న వేరు. కార్బన్-14 అర్ధాయువు సుమారు 5,730 ఏళ్లు. పపైరస్ విషయంలో అది చెప్పేది మొక్క ఎప్పుడు చనిపోయిందన్నది. దాని మీద ఎప్పుడు రాశారన్నది కాదు. పాత ఖాళీ పపైరస్ సంపాదించడం నకిలీ తయారీదారుకు అసాధ్యమేమీ కాదు. భూజలం విషయంలో తిరకాసు ఇంకో వైపు నుంచి వస్తుంది: నీరు సున్నపురాయి గుండా పోతూ కోట్ల ఏళ్ల నాటి, కార్బన్-14 మిగలని కార్బన్‌ను కరిగించుకుంటుంది కాబట్టి, సవరణ లేకుండా లెక్కిస్తే అసలు కన్నా ఎంతో పాతదిగా కనిపిస్తుంది. కొత్త నీటిని గుర్తించడానికి 1950లు, 60లలో జరిగిన అణు పరీక్షల వల్ల వర్షంలో పెరిగిన ట్రిషియం పనికొచ్చింది. దాని అర్ధాయువు 12.3 ఏళ్లే కనుక ఆ ఆనవాలు క్రమంగా మసకబారుతోంది. ఇంకొక చిన్న జాగ్రత్త: ఫలితాల్లో ‘ఇప్పటికి ఇన్నేళ్ల క్రితం’ అని ఉంటే, ఆ ‘ఇప్పుడు’ 1950వ సంవత్సరం.

బెన్‌ఫర్డ్ సూత్రంతో మోసం రుజువవుతుందా?

రుజువు కాదు. సహజంగా పోగయ్యే అంకెల్లో మొదటి అంకెగా 1 వచ్చే అవకాశం 30.1 శాతం, 9 వచ్చే అవకాశం 4.6 శాతం. లాగరిథమ్ పట్టికల పుస్తకాలలో మొదటి పుటలు ఎక్కువగా నలిగి ఉండడం చూసి సైమన్ న్యూకూంబ్ 1881లో దీన్ని గుర్తించాడు. 1938లో ఫ్రాంక్ బెన్‌ఫర్డ్ 20,000కు పైగా అంకెలతో పరీక్షించాడు. వాటిలో నదుల పరీవాహక వైశాల్యాలు కూడా ఉన్నాయి, భూజల శాస్త్రవేత్తలు సంతోషించవచ్చు.

అంకెలు పదులు, వందలు, వేలు, లక్షలు ఇలా పలు స్థాయిల్లో పరుచుకుని ఉంటేనే ఈ సూత్రం పనిచేస్తుంది. ఎవరో కేటాయించిన సంఖ్యలకు, గరిష్ఠ పరిమితి ఉన్న మొత్తాలకు వర్తించదు. ఒక కార్యాలయంలో 50,000 దాటిన చెల్లింపులకు పై అధికారి సంతకం కావాలనుకుందాం. 49,800, 49,500, 49,950 వంటి బిల్లులు గుట్టగా కనిపిస్తే మొదటి అంకెల పట్టికలో 4 ఉబ్బి కనబడుతుంది. పనిని ముక్కలు చేసి పరిమితి తప్పించుకుంటూ ఉండవచ్చు. ఆ పరిమితిని చూసుకునే సరఫరాదారు ఒక ప్యాకేజీకి ధర కట్టి ఉండవచ్చు కూడా. ఎక్కడ తవ్వాలో ఈ సూత్రం చూపుతుంది, తవ్వే పని మిగిలే ఉంటుంది.

హెచ్చరికలను ఎంతవరకు నమ్మాలన్న దానికి ఇందాక చెప్పిన బోధకుడు బేయిస్ మరణించాక 1763లో వెలువడిన వ్యాసమే దారి చూపుతుంది. 10,000 పద్దులలో 100 తప్పుడువి ఉన్నాయనీ, మన పరీక్ష వాటిలో 90 శాతాన్ని పట్టుకుంటుందనీ, మంచి పద్దులలో 5 శాతాన్ని పొరపాటున అనుమానిస్తుందనీ అనుకుందాం. పట్టుబడేవి 90, అకారణంగా అనుమానానికి గురయ్యేవి 495. అంటే అనుమానించిన ప్రతి 100 పద్దులలో నిజంగా తప్పుడువి సుమారు 15. ఈ లెక్క వేయకుండా నివేదికలో పేర్లు రాసేవారు అమాయకుల మీద నింద వేస్తున్నట్టే.

ఇంజినీరింగ్ వైఫల్యాల పరిశోధన నుంచి మిగతావారు నేర్చుకునేదేమిటి?

చిన్న మార్పుల మీద కన్ను వేయడం. 1981 జూలై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో ఒక హోటల్ హాలు పైన వేలాడదీసిన నడకదారులు కూలి 114 మంది చనిపోయారు. మొదటి నక్షాలో ఒకే పొడవాటి ఉక్కు కడ్డీ పైకప్పు నుంచి రెండు అంతస్తుల నడకదారులనూ మోయాలి. పై దూలం కింది నట్టు మీద పై నడకదారి బరువు మాత్రమే పడుతుంది. అంత పొడవు కడ్డీకి మర తీయడం కష్టమని దాన్ని రెండు కడ్డీలుగా మార్చారు. కింది నడకదారిని పై దూలానికే వేలాడదీశారు. కాగితం మీద చూస్తే అది కొద్ది అంగుళాల తేడా. పై నట్టు మీద భారం మాత్రం రెట్టింపైంది. తర్వాతి దర్యాప్తులో మొదటి నక్షా కూడా నిబంధనలు కోరిన భారంలో 60 శాతమే మోయగలిగేదని తేలింది.

ఆ దర్యాప్తు సగం ఉక్కు ముక్కల పరీక్ష, సగం కాగితాల పరీక్ష: మార్పును ఎవరు అడిగారు, ఎవరు చూశారు, ఎవరు ముద్ర వేశారు. ఫోరెన్సిక్ ఇంజినీరూ ఫోరెన్సిక్ అకౌంటెంటూ కలిసి కూర్చోగలిగేది ఇక్కడే.

వేరే శాస్త్రంలోని ప్రసిద్ధ ఉదాహరణలను మా వ్యాసంలో వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, ఆ శాస్త్రం వారి చేత ఒకసారి చదివించిన తర్వాత. 1940 నవంబరు 7న కూలిన అమెరికాలోని టకోమా నారోస్ వంతెనను అనునాదానికి (బయటి ఊపు వేగం వస్తువు సహజ ఊపు వేగంతో కలిసి కదలిక పెరగడానికి) ఉదాహరణగా ఎన్నో పాఠ్యపుస్తకాలు చెప్పాయి. వంతెన మెలితిరిగిన వేగం సెకనుకు 0.2 ఆవృత్తులు కాగా, గాలి సుడులు విడివడిన వేగం సుమారు 1 ఆవృత్తి, రెండూ కలవలేదు. వంతెన కదలికే గాలి నుంచి శక్తిని లాక్కుని తనను తాను పెంచుకుందని బిల్లా, స్కాన్లన్ 1991లో వివరించారు. బైబిల్ పరిశోధనలోనూ ఇలాంటి కథ ఒకటుంది. యోహాను మొదటి పత్రిక 5వ అధ్యాయంలో త్రిత్వాన్ని ప్రస్తావించే వాక్యం పండితుడు ఎరాస్మస్ 1516 నాటి గ్రీకు ముద్రణలో లేదు, 1522 నాటి ముద్రణలో ఉంది. ఒక్క గ్రీకు ప్రతి చూపిస్తే చేరుస్తానని ఆయన పందెం కట్టి చిక్కుకున్నాడన్న ముచ్చట వినసొంపుగా ఉంటుంది గాని, దానికి ఆధారం లేదు.

ఒకే మాటను నాలుగు అర్థాల్లో వాడడం వల్ల వచ్చే గందరగోళాన్ని ఎలా నివారించాలి?

వ్యాసం మొదట్లోనే ఒక చిన్న పదకోశం పెట్టండి. ‘మెటీరియల్’ అంటే ఇంజినీరుకు పదార్థం. అకౌంటెంట్‌కు, చదివేవారి నిర్ణయాన్ని మార్చగలిగేంత పెద్దదైన సంగతి. ‘మోడల్’ నలుగురికీ నాలుగు రకాలు. ‘మూలం’ సంగతి సరదాగా ఉంటుంది: మత్తయి, లూకా ఇద్దరూ వాడుకున్నారని పండితులు ఊహించిన, నేడు లభించని రచనకు పెట్టిన ‘క్యూ’ అన్న పేరు జర్మన్ మాట ‘క్వెల్లె’ నుంచి వచ్చింది. ఆ మాటకు ఆధారమనీ అర్థం, నీటి ఊట అనీ అర్థం.

పరిశోధకుడి మతవిశ్వాసం అతని తీర్పును ప్రభావితం చేయదా?

చేయవచ్చు. కానీ ఆ ప్రశ్న వేదాంతుల్ని మాత్రమే అడగడం న్యాయం కాదు. కలుషితమైన జలస్తరంపై కోర్టు దావాలో భూజల నిపుణుడికి ఫీజు ఇచ్చేది ఒక పక్షం. ఫోరెన్సిక్ అకౌంటెంట్ సంగతీ అంతే. నమ్మకమైనా ఫీజైనా ముందుగా వెల్లడించాలి. తన తీర్పు తప్పని ఏ ఆధారం చూపిస్తే ఒప్పుకుంటాడో కూడా రాయాలి. ఆ రెండో వాక్యం రాయడం మొదటిదాని కన్నా కష్టం.

నలుగురూ కలిసి పనిచేయదగిన సమస్య నిజంగా ఏదైనా ఉందా?

వ్యర్థాల గుంత నుంచి విషం నేలలోకి దిగిన సందర్భాన్ని తీసుకోండి. అడుగున పరిచిన పొర ఎందుకు విఫలమైందన్నది ఇంజినీరు చూడాలి. మాలిన్యం ఎటు, ఎంత వేగంగా సాగుతోందో భూజల శాస్త్రవేత్త చెప్పాలి. శుద్ధి కోసం కేటాయించిన నిధి శుద్ధికే ఖర్చయిందా అన్నది ఫోరెన్సిక్ అకౌంటెంట్ పని. నేలను ఏలమని చెప్పిన ఆదికాండం 1:28నూ, తోటను సేద్యపరచి కాయమని చెప్పిన 2:15నూ కలిపి ఎలా చదవాలన్నది వేదాంతి ప్రశ్న. పర్యావరణ సంక్షోభానికి వేర్లు పాశ్చాత్య క్రైస్తవంలో ఉన్నాయని 1967లో చరిత్రకారుడు లిన్ వైట్ చేసిన ఆరోపణ నాటి నుంచి ఆ చర్చ ఆగలేదు; సురక్షితమైన తాగునీరు మౌలిక మానవ హక్కని పోప్ ఫ్రాన్సిస్ 2015 నాటి లేఖలో రాశారు. నాలుగు అధ్యాయాలను నలుగురూ విడివిడిగా రాసి కుట్టేస్తే మాత్రం అది ఉమ్మడి పరిశోధన అనిపించుకోదు. ఒకరి అధ్యాయంలోని అంకెను మరొకరు ప్రశ్నించిన చోటు వ్యాసంలో కనబడాలి.

అలాంటి వ్యాసాన్ని ఎవరు సమీక్షించాలి?

కనీసం ఇద్దరు, వేర్వేరు శాస్త్రాల నుంచి. ఎవరు ఏ భాగానికి పూచీ పడుతున్నారో సంపాదకుడికి రాతపూర్వకంగా చెప్పాలి. లేకపోతే ఎవరికి వారు అవతలివారు చూసి ఉంటారనుకుంటారు. కాన్సస్ సిటీ నక్షాకు జరిగింది సరిగ్గా అదే.